మోటారు కారు విడిభాగములు: గృహసంరక్షణకై ఎన్నిక, కొనుగోలు

మోటారు కారును సర్వీసు కేంద్రమునకు పంపక, యజమాని తన యింటి ముంగిట తానే ఇంజను ఆయిలు మార్చుకొనుట, ఫిల్టర్లు, స్పార్కు ప్లగ్గులు, బ్యాటరీ, వైపర్లు మొదలైన అరిగిపోవు వస్తువులను తీసి క్రొత్తవి అమర్చుకొనుట గృహసంరక్షణ మనబడును. ఈ పనికి వలయు నేర్పులో పెద్దపాలు స్పానరు పట్టుటయందు గాక, సరియైన వస్తువును గుర్తించి కొని తెచ్చుకొనుటయందే యున్నది. ఏలయనగా బోల్టు విప్పుట ఎవరి చేతికైనను కొలది కాలమున అలవడును గాని, ఒకే పేరు గల కారునకు ఇంజనును బట్టియు, తయారైన నెలను బట్టియు వేరువేరు ఫిల్టర్లు వచ్చియుండగా, వానిలో తనది యేదో నిర్ణయించుకొనుట ముందుగా కూర్చుండి చేయవలసిన పని. మహానగరమున నుండువాడు పొరపాటున తెచ్చిన వస్తువును సాయంకాలములోపల మార్చుకొనగలడు. రాయచూరు జిల్లాలోని దేవదుర్గ వంటి తాలూకా కేంద్రమున నుండువానికి ఆ పొరపాటు ఒక దినమును, రానుపోను నూరు కిలోమీటర్ల ప్రయాణమును వ్యయపరచును; పైగా ఆయిలు దింపివేసిన కారు ముంగిట కదలక నిలిచియుండగా బస్సులో పోవలసి వచ్చును. కావున ఈ వ్యాసమున ఆ ప్రాంతమును దృష్టియందుంచుకొని విషయము వివరింపబడుచున్నది.

దేవదుర్గ ప్రాంతము, అచ్చటి బజారు

దేవదుర్గ, కృష్ణా తుంగభద్రల నడుమ నున్న రాయచూరు దోఆబులో, కృష్ణానదికి దక్షిణమున నున్న తాలూకాకు ముఖ్యపట్టణము. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరుగువరకు ఈ సీమ హైదరాబాదు రాష్ట్రములో అంతర్భాగమై యుండెను. పరిపాలన బెంగుళూరునకు మారినను హైదరాబాదుతో వ్యాపార సంబంధములు తెగిపోలేదు. గబ్బూరు మీదుగా సుమారు 50 కి.మీ. దూరమున నున్న రాయచూరు ఈ తాలూకాకు పెద్ద బజారు. బొంబాయి నుండి వచ్చిన రైలుదారియు, మద్రాసు నుండి వచ్చిన రైలుదారియు 1871లో కలిసికొనినది ఆ పట్టణముననే. 167వ నంబరు జాతీయ రహదారి దానిని మక్తల్, మహబూబ్‌నగరముల మీదుగా జడ్చర్లకును, అటనుండి హైదరాబాదు మార్గమునకును కలుపుచున్నది.

తుంగభద్ర ఆనకట్ట నిర్మాణానంతరము తీరాంధ్ర జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతములకు వలసవచ్చి కాలువల వెంబడి ‘క్యాంపులు’ కట్టుకొనిరి. నారాయణపురము కుడికాలువ నీరు పారిన పిమ్మట దేవదుర్గ, లింగసుగూరు తాలూకాలలో గూడ మాగాణి పెరిగినది. రాయచూరు బజారున ఒకే బేరములో కన్నడము, తెలుగు, ఉర్దూ మూడును వినబడుటకు కారణ మీ చరిత్రయే. తాలూకా కేంద్రముల దుకాణములు సహజముగా ట్రాక్టర్లకు, మోటారు సైకిళ్లకు, నీటిపంపులకు వలయు సామానుతో నిండియుండును. కారు యజమాని కోరువానిలో బల్బులు, ఫ్యూజులు, గ్రీజు, సామాన్యపు ఆయిళ్లు, ఒకటి రెండు రకముల బ్యాటరీలు అచ్చటనే లభింపవచ్చును. తక్కినవి రాయచూరు నుండియో, బస్సు పార్సెలులో హైదరాబాదు నుండియో, ఇంటర్నెటు అంగళ్ల ద్వారానో రావలసినవే. సికింద్రాబాదు రాణీగంజి, బెంగుళూరు జె.సి. రోడ్డు, విజయవాడ జవహరు ఆటోనగరు ఈ వర్తకమునకు దక్షిణదేశమున పేరుపడిన స్థలములు. వీనికెల్ల పైది ఢిల్లీ కాశ్మీరీ గేటు. కోస్తాలో చుట్టములు గల క్యాంపువారికి ఆటోనగరు నుండి ఒక సామాను తెప్పించుకొనుట దుష్కరము కాదు, నంబరు సరిగా చెప్పగలిగినచో.

పూర్వరంగము

విడిభాగమును కారు పేరు చెప్పి అడుగు అలవాటు ఒక యుగమున నిర్దుష్టమైనదే. నిజాము ప్రభుత్వము 1932 జూనులో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ నెలకొల్పిననాడు బస్సులును, వాని భాగములును సీమసరకే. స్వాతంత్ర్యానంతరము, దేశమున తయారీ చేపట్టక విదేశీ భాగములను కూర్చి అమ్ము కంపెనీలకు తావు లేదని ప్రభుత్వము 1953లో నిర్ణయింపగా, జనరల్ మోటార్సు, ఫోర్డు కంపెనీలు తమ కూర్పు కర్మాగారములను మూసికొని వెడలినవి. వాని కార్లు కలవారు లేతు మిషను పనివారి నైపుణ్యమునకు శరణుజొచ్చిరి. మిగిలినవి హిందుస్థాన్ మోటార్సు (1942), ప్రీమియర్ ఆటోమొబైల్సు (1944), మద్రాసు నందలి స్టాండర్డు (1948) వంటి కొలది సంస్థలు. అంబాసడరు కారు 1957 మొదలు 2014 వరకు రూపమున పెద్దమార్పు లేక వెలువడుచుండుటచేత, దాని పేరు చెప్పి బ్రేకు లైనరు అడిగినవానికి దుకాణదారుడు మారుప్రశ్న వేయనవసరము లేకుండెను. ఆ కాలమున సమస్య వస్తువు దొరకుటయే గాని, వస్తువును గుర్తించుట కాదు.

1983 డిసెంబరులో మారుతి 800 వెలువడుటతోను, 1991 తరువాత విదేశీ సంస్థలు వరుసగా ప్రవేశించుటతోను ఈ స్థితి తలక్రిందులైనది. నేడు వస్తుసమృద్ధికి కొదువలేదు, కష్టమెల్ల గుర్తింపుననే. ఒక్క ఉదాహరణము చాలును. ఫియట్ సంస్థ రూపొందించిన 1,248 సి.సి. డీజిలు ఇంజను మారుతి స్విఫ్టు, డిజైరు, రిట్జులలోను, టాటా విస్టాలోను, ఫియట్ పుంటో, లీనియాలలోను అమర్చబడి, కార్ల లోకమున ‘జాతీయ ఇంజను’ అను ముద్దుపేరు పొందినది. ఇంజను ఒకటే కదా యని దాని చుట్టునున్న సామానంతయు ఒకటే యనుకొనరాదు; ఎయిరు ఫిల్టరు పెట్టెయు, డీజిలు ఫిల్టరు కూర్పును, బెల్టుల పొడవును ఆయా కంపెనీలు తమ కారు అమరికను బట్టి వేరుగా నిర్ణయించుకొనును. దీనికి విపర్యయముగా, 2019లో వెలువడిన టొయోటా గ్లాంజా మారుతి బెలీనోకు మారుపేరే యగుటచేత, వేరువేరు అట్టపెట్టెలలో ఒకే వస్తువు రెండు దుకాణములలో రెండు ధరలకు లభించును. పేరు భిన్నమైనచోట వస్తువు ఒకటిగాను, పేరు ఒకటియైనచోట వస్తువు భిన్నముగాను ఉండు ఈ కాలమున పేరును నమ్మి కొనువాడు చీకటిలో చేయిపెట్టినవాడే.

గుర్తింపు

ఈ విషయమున కారు యజమానులకన్న మన రైతులే ముందున్నారు. పంపుసెట్టు మోటారు బేరింగు పోయినప్పుడు రైతు మోటారు కంపెనీ పేరు చెప్పడు; పాత బేరింగు అంచున చెక్కిన ‘6204’ అను సంఖ్యను చదివి అదే అడుగును. ఆ సంఖ్యలోని చివరి రెండంకెలను అయిదుతో గుణించిన లోపలి రంధ్రపు వ్యాసము మిల్లీమీటర్లలో వచ్చును: 6204నకు 20, 6205నకు 25. ఈ లెక్క ప్రపంచమంతట ఒకటే కావున రాయచూరులో కొన్నను, రాజమహేంద్రవరములో కొన్నను బేరింగు సరిపడి తీరును. కారు విషయమున గూడ ఇట్లే నంబరుతో కొనవలయు ననునదియే ఈ వ్యాసమున చెప్పదలచిన ప్రధానాంశము. ఆయిలు సీలుపై లోపలి, వెలుపలి వ్యాసములును మందమును అచ్చువేయబడియుండును. ఇంజను ముందు తిరుగు బెల్టుపై ‘6 పి.కె. 1700’ అని యున్నచో ఆరు గాళ్లు, 1,700 మిల్లీమీటర్ల పొడవు అని యర్థము. టైరు ప్రక్కగోడపై నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు తయారైన వారమును, తక్కిన రెండు సంవత్సరమును తెలుపును. 2324 అనగా 2024వ సంవత్సరపు 23వ వారము.

ఇట్టి సార్వత్రికమైన లెక్క లేని వస్తువులకు కంపెనీ ఇచ్చిన విడిభాగ సంఖ్యయే ఆధారము. దానిని కనుగొనుటకు మూలము ఛాసిస్ నంబరు. రిజిస్ట్రేషను పత్రమునందును, కారు శరీరముపై చెక్కబడియు నుండు ఈ నంబరులో 17 అక్షరములు, అంకెలు కలిసియుండును. ఒకటి, సున్నలతో తారుమారు కాకుండుటకై ఇంగ్లీషు అక్షరములలో ఐ, ఓ, క్యూ అనునవి వాడబడవు. మొదటి మూడు స్థానములు తయారీదారుని చాటును: ఎం.ఏ.3 మారుతి, ఎం.ఏ.ఎల్. హ్యూండై, ఎం.ఏ.టి. టాటా. పదియవ స్థానమున సంవత్సర చిహ్నము ఉండుననుట పరదేశపు పుస్తకములు చదివినవారి మాట. మన దేశపు కంపెనీలన్నియు ఆ చిహ్నమును అదే స్థానమున ఉంచవు గనుక దానిని చూచి సంవత్సరము నిర్ణయించుట ప్రమాదము. మండలపు రిజిస్ట్రేషను సంఖ్య, అనగా కె.ఏ. 36 అను రాయచూరు గుర్తు, ఈ పనికి ఏమాత్రమును ఉపకరింపదు. కారు డిసెంబరులో తయారై మరుసటి వేసవిలో రిజిస్టరగుట వింత కాదు. కంపెనీవారి విడిభాగముల కౌంటరులో ఛాసిస్ నంబరు చెప్పినచో, వారు కంప్యూటరు పట్టికలో చూచి ఆ కారునకు చెందిన విడిభాగ సంఖ్యను తెలుపుదురు. ఆ సంఖ్యను ఒకమారు నోటుపుస్తకమున వ్రాసికొనిన పిమ్మట ఏ యూరి నుండి తెప్పించుకొన్నను భయము లేదు. ఒక్క చిక్కు మాత్రము కలదు: కంపెనీలు అప్పుడప్పుడు పాత సంఖ్యను రద్దుచేసి అదే వస్తువునకు క్రొత్త సంఖ్య ఇచ్చుచుండును. దుకాణదారుడు “నంబరు మారిందండీ” అని వేరు సంఖ్య గల పెట్టె చేతికిచ్చినప్పుడు అది నిజము కావచ్చును, కాకపోవచ్చును. పాత వస్తువును వెంట తీసికొనిపోయి ప్రక్కన పెట్టి సరిచూచుకొనుటకన్న ఉత్తమమైన ఉపాయము ఇప్పటికిని లేదు.

తయారీదారులు, పెట్టెలు

కారు కంపెనీ తన పేరు వేసి అమ్ము ప్రతి వస్తువును తానే చేయదు. బెంగుళూరున 1951లో మైకో పేరుతో స్థాపితమై పిమ్మట బాష్ అయిన సంస్థ ప్లగ్గులు, డీజిలు పంపులు చేయుచు వచ్చినది. మద్రాసున 1961లో లూకాస్ టి.వి.యస్., 1962లో బ్రేక్స్ ఇండియా వెలసి స్టార్టరు మోటార్లు, బ్రేకు సామగ్రి తయారీకి పూనుకొనినవి. తెలుగునాట అమరరాజా సంస్థ 1985లో పుట్టి, తిరుపతి చెంత కరకంబాడి కేంద్రముగా బ్యాటరీలు చేయుచు, 2000 నుండి అమరాన్ పేరుతో దేశమంతట విక్రయించుచున్నది. ఇట్టి సంస్థలు కారు కంపెనీకి సరఫరా చేయు జాతి వస్తువునే తమ సొంత పెట్టెలో పెట్టి బజారునకు విడిచినప్పుడు అది సాధారణముగా చౌకగా లభించును.

కావున బజారున ఒక బ్రేకు ప్యాడు నాలుగు విధములుగా దొరకును: కారు కంపెనీ పెట్టెలోనిది, అసలు తయారీదారుని పెట్టెలోనిది, వేరొక పేరుగల సంస్థ తన లెక్కమీద తయారుచేసినది, మొదటి రెండింటి పెట్టెను అనుకరించిన దొంగసరకు. మెకానిక్కుల నోట ‘కంపెనీది’, ‘లోకల్’, ‘డూప్లికేటు’ అను మూడు మాటలతోనే ఇవన్నియు చలామణి యగుచుండుటచేత కొనువానికి భ్రమ కలుగుచున్నది. ‘లోకల్’ అన్నది తృతీయ వర్గమునకును చతుర్థ వర్గమునకును కూడ వర్తించుట ఆ మూడవ వర్గపు నిజాయితీగల తయారీదారులకు అన్యాయము. ఆయిలు ఫిల్టరు, వైపరు, క్యాబిన్ ఫిల్టరు విషయమున రెండవ వర్గము నిస్సందేహముగా గ్రహింపదగినది. బ్రేకు, స్టీరింగు సామానులో ధర తగ్గించుకొను ప్రయత్నము చేయకుండుటయే వివేకము.

కారు కంపెనీలు తమ విడిభాగములను బహిరంగ విపణిలో స్వేచ్ఛగా దొరకనీయక తమ అధికృత కేంద్రములకే పరిమితము చేయుచున్నవను ఫిర్యాదుపై, భారత స్పర్ధా కమిషను 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. దానిపై వ్యాజ్యములు నడచినను, ఇంటివద్ద పని చేసికొనువానికిని, రోడ్డుప్రక్క మెకానిక్కునకును అసలు సామాను కొను అవకాశము న్యాయ్యమైనదను భావము ఈ దేశమున స్థిరపడుటకు ఆ తీర్పు తోడ్పడినది. వారంటీ కాలమున మాత్రము ఇంటి సర్వీసు చేయకుండుట మేలు. వాదన గెలుచుటకన్న ఇంజను బాగుచేయించుకొనుట ముఖ్యము గదా.

ఆయిలు, ఫిల్టర్లు

ఇంజను ఆయిలు డబ్బాపై రెండు గుర్తులు చదువవలయును. ‘5 డబ్ల్యూ 30’ వంటిది చిక్కదనమును తెలుపును; డబ్ల్యూ ముందరి అంకె చలిలో ఆయిలు పారు గుణమునకును, తరువాతి అంకె 100 డిగ్రీల సెల్సియసు వద్ద దాని చిక్కదనమునకును సూచకములు. రెండవది ఏ.పి.ఐ. వంటి సంస్థల నాణ్యతా శ్రేణి: పెట్రోలు ఇంజన్లకు ఎస్.ఎన్., 2020లో వచ్చిన ఎస్.పి. మొదలగునవి; డీజిలునకు సి.ఐ.4, సి.కె.4 వంటివి. రాయచూరు ఎండ వేసవిలో 40 డిగ్రీలు దాటును గనుక ఇచ్చట చిక్కని ఆయిలు పోయవలెనను అభిప్రాయము బలముగా వ్యాపించియున్నది. ఇది పూర్తిగా సమంజసము కాదు. ఇంజను ఒకమారు వేడెక్కిన పిమ్మట థర్మోస్టాటు శీతలకమును 90 డిగ్రీల ప్రాంతమున నిలుపుచుండుటచేత, బయటి గాలి 30 డిగ్రీలున్నను 42 డిగ్రీలున్నను లోపలి ఆయిలు ఉష్ణోగ్రతలో సామాన్యపు ప్రయాణమున అంతటి వ్యత్యాసము కలుగదు. సన్నని సందులతో, పలుచని ఆయిలునకై నిర్మింపబడిన నేటి ఇంజనులో 20 డబ్ల్యూ 50 పోసినచో ఉదయమున స్టార్టు చేసినప్పుడు ఆయిలు పైకెక్కుట ఆలస్యమగును. మాన్యువలులో చెప్పిన గ్రేడులలోనుండి ఎన్నుకొనవలసినదే గాని మెకానిక్కు అనుభవము దానికి ప్రత్యామ్నాయము కాజాలదు.

అట్లే ట్రాక్టరునకై తెచ్చిన 15 డబ్ల్యూ 40 డీజిలు ఆయిలు డ్రమ్ములో మిగిలియున్నదని దానిని పెట్రోలు కారులో పోయుట మాగాణి గ్రామములలో కానవచ్చు అలవాటు. అందలి ఫాస్ఫరసు సమ్మేళనములు పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరును కాలక్రమమున చెరచును. 2020 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్.6 డీజిలు కార్లలో మసిని పట్టు ఫిల్టరు ఉండుటచేత బూడిద తక్కువగా మిగిల్చు ప్రత్యేకపు ఆయిలు తప్పనిసరి.

ఆయిలు ఫిల్టరును చేతిలోనికి తీసికొని మూతివైపు పరిశీలించినచో మధ్యన మరగల పెద్ద రంధ్రమును, దాని చుట్టు చిన్న రంధ్రముల వరుసయు, అంచున రబ్బరు వలయమును కనబడును. చిన్న రంధ్రములలోనుండి తొంగిచూచిన, లోపల పలుచని రబ్బరు పొర యొకటి రంధ్రములను మూసియుండును. ఇంజను ఆపినప్పుడు ఫిల్టరులోని ఆయిలు వెనుకకు జారిపోకుండ పట్టునది ఇదియే. అగ్గిపుల్లతో మెల్లగా నెట్టిన అది లోనికి వంగి తిరిగి స్వస్థానమునకు రావలయును. చౌకసరకులో ఇది గట్టిపడియో, అసలే లేకయో యుండును. అట్టి ఫిల్టరు గల ఇంజను తెల్లవారగనే కొన్ని క్షణములు గలగలమని మ్రోయును. మరలో గూడ మోసము కలదు. 20 మిల్లీమీటర్ల వ్యాసము, ఒకటిన్నర మిల్లీమీటరు పిచ్చు గల మరయు, అంగుళములో ముప్పాతిక వ్యాసముండి అంగుళమునకు 16 చుట్లు గల మరయు కంటికి ఒకేలాగున నుండును. ఒకదానికి బదులు రెండవది తెచ్చినచో అది సగము చుట్టు ఎక్కి బిగుసుకొనియో, వదులుగా నిలిచియో, ఒత్తిడి వచ్చినప్పుడు ఆయిలంతయు నేలపాలు చేయును. మర సరిపడినను, లోపలి బైపాసు కవాటము తెరచుకొను ఒత్తిడి వేరు కావచ్చును. కావున బిగియుటయే సరిపోవుటకు ప్రమాణము కాదు.

ఆయిలు దింపు బోల్టు క్రింది వాషరును చాలమంది మరచెదరు. కొలది రూపాయలు మాత్రమే వెలగల ఈ రాగి లేక అల్యూమినియపు వలయము ఒకమారు నలిగిన మరల సరిగా పట్టదు. దేవదుర్గలో ఆదివారపు మధ్యాహ్నము దానికై వెదకుట వ్యర్థము; ఫిల్టరుతో పాటే రెండు మూడు కొని యుంచుకొనవలయును.

ఎయిరు ఫిల్టరు విషయమున ప్రాంతమునకు తగిన మార్పు అనివార్యము. మాన్యువలు తెలుపు కాలపరిమితి సామాన్య పరిస్థితులకు చెందినది; అదే మాన్యువలులో దుమ్ము ప్రదేశములకు తక్కువ పరిమితి వేరొక చోట వ్రాయబడియుండును గాని దానిని చదువువారు అరుదు. నల్లరేగడి ఎండి పొడియై లేచు వేసవి, కాలువగట్ల మట్టిదారులు, వరికోతల నాటి ఊక, ప్రత్తిబండ్ల వెనుక ఎగురు దూదినూగు, వీనినన్నిటిని లెక్కించిన, దోఆబులో తిరుగు కారు దుమ్ము పరిస్థితులలో తిరుగునదియే. ఇచ్చటి యజమాని ఎయిరు ఫిల్టర్లను జతగా కొని యుంచుకొనుట దుబారా కాదు. కాగితపు ఫిల్టరును దులిపి మరల వాడుట కొంతవరకు చెల్లును. కంప్రెసరు గాలిని దగ్గరనుండి బలముగా కొట్టిన కాగితమున కంటికి కానరాని చిల్లులు పడి, శుభ్రముగా కనబడు ఫిల్టరే ఇంజను రింగులను అరగదీయు సాధనమగును. క్యాబిన్ ఫిల్టరునకు ఇంత విచారము అక్కరలేదు. కొలత సరిపడి, గాలి వీచు దిక్కు చూపు బాణపు గుర్తు సరిగా నున్న చాలును.

నీరు, ద్రవములు, విద్యుత్తు

రాయచూరు జిల్లా బోరునీటిలో లవణములు అధికము. పాత్రల అడుగున తెల్లని పొరకట్టు నీరే రేడియేటరులోను పొరకట్టి సన్నని గొట్టములను పూడ్చివేయును. కావున సాంద్రమైన కూలెంటు కొన్నవారు డిస్టిల్డు వాటరును గూడ కొనవలయును. లేదా కలిపి అమ్ము దానినే తీసికొనుట సుఖము. ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులు తయారీదారుల ఇష్టానుసారము వేయబడునవే గాని గుణమునకు గుర్తులు కావు. ఒకే రంగు గల రెండు కూలెంట్లు పరస్పర విరుద్ధమైన రసాయనములు కలవియై, కలిసినప్పుడు మడ్డిగా పేరుకొనవచ్చును. డబ్బాపైని ప్రమాణమును మాన్యువలుతో సరిచూడవలయును.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును. అందుచేత మూత తీసి నెలల తరబడి దుకాణపు అరలో నున్న డబ్బానుండి కొలిచి పోయించుకొనుట అపాయము. డాట్ 3 రకము క్రొత్తదిగా నున్నప్పుడు కనీసము 205 డిగ్రీల వద్దను, డాట్ 4 రకము 230 డిగ్రీల వద్దను మరగవలెనని నియమము. తేమ చేరిన పిమ్మట ఆ సంఖ్యలు 140, 155లకు దిగజారును. సీలు వేసిన చిన్న డబ్బాయే కొని, మిగిలినదానిపై ఆశ విడువవలయును.

స్పార్కు ప్లగ్గుల సంఖ్యలో ఒక విచిత్రమైన చిక్కు గలదు. ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా ఇంజను తలకు వదలివేయునో దానిని బట్టి ‘చల్లని’, ‘వేడి’ రకములుగా విభజింతురు. ఎన్.జి.కె., డెన్సో సంస్థల సంఖ్యలో అంకె పెరిగినకొలది ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ సంస్థల సంఖ్యలో అంకె పెరిగినకొలది వేడిది. ఒక సంస్థ ప్లగ్గునకు బదులు వేరొక సంస్థ ప్లగ్గు కొనువారు అంకెలను పోల్చి చూచిన తారుమారగుట నిశ్చయము. ఆయా సంస్థలు ప్రకటించు సరిపోలిక పట్టికనే నమ్మవలయును.

బ్యాటరీకి ఎండయే పరమశత్రువు. ఈ సీమలో అది చల్లని దేశములలోకన్న త్వరగా క్షీణించును. ఆంపియరు గంటలొక్కటే చూచి కొనరాదు. ఐరోపా పద్ధతి పెట్టెయా, జపాను పద్ధతి పెట్టెయా, స్తంభములు సన్ననివా లావైనవా, ధనధ్రువము కుడి నున్నదా ఎడమ నున్నదా అని పరికింపవలయును. ధ్రువము ఎదురుగా నున్న బ్యాటరీని తెచ్చి, తీగ అందలేదని దానిని త్రిప్పిపెట్టి, ఆ తొందరలో ధనఋణములను మార్చి తగిలించినవారి కారులో ఫ్యూజులు మొదలు కంప్యూటరు వరకు కాలిపోవును. సిగ్నలు వద్ద తానే ఆగి తానే లేచు ఇంజను గల కార్లకు సామాన్యపు బ్యాటరీ పనికిరాదు.

బ్రేకు ప్యాడులు ఒకే మోడలు కారునకు ఇద్దరు సరఫరాదారుల కాలిపర్లను బట్టి రెండు ఆకారములలో వచ్చియుండవచ్చును గనుక పాతదానిని విప్పి, వెనుక ఇనుపరేకు చెవులను క్రొత్తదానితో కలిపి చూడనిదే డబ్బు చెల్లింపరాదు. అరుగుదల తెలుపు రేకు ఏ ప్యాడున నున్నదో గుర్తుంచుకొనవలయును. వైపర్లకు అంగుళములలో పొడవు, కొక్కెపు రకము తెలిసిన చాలును. డ్రైవరు వైపుది, ఎడమవైపుది సాధారణముగా సమానము కావు.

దొంగసరకు, రసీదు

ఖాళీ ఆయిలు డబ్బాలను పాతసామానువారు మంచి ధరకు కొనుచున్నచో వానిని ఎందులకు కొనుచున్నారో ఊహించుకొనవచ్చును. వాడిన డబ్బాకు మేకుతో చిల్లు పొడిచి పారవేయుట పొరుగువానికి చేయు మేలు. 2011 నాటి తూనికలు కొలతల శాఖ నిబంధనల ప్రకారము పొట్లముపై తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, పరిమాణము, నెల, సంవత్సరము, గరిష్ఠ చిల్లర ధర ఉండవలయును. ఇవి అస్పష్టముగా నున్నను, స్టిక్కరుపై స్టిక్కరు వేసియున్నను అనుమానింపవలసినదే. హోలోగ్రామును అనుకరించుట నేడు కష్టము కాదు. కాని తూకమును, ఫిల్టరు కాగితపు మడతల సమానతను, లోహపు అంచు నునుపును అనుకరించుటకు ఖర్చగును గనుక దొంగ అచ్చటనే దొరకిపోవును. పూర్వపు కంపెనీ ఫిల్టరును పారవేయక ఒకటి దాచియుంచుకొన్నవానికి పోలికకు వేరే సాక్ష్యము అక్కరలేదు.

2025 సెప్టెంబరు 22 నుండి మోటారు విడిభాగములన్నిటిపై జి.ఎస్.టి. 18 శాతముగా ఏకీకృతమైనది. అంతకుముందు చాల వస్తువులపై 28 శాతముండెను. రసీదు లేకున్న తగ్గించెదనని దుకాణదారుడు చెప్పు మాటలో ఆ పన్ను భారమే దాగియున్నది. అయినను రసీదు లేని వస్తువును దూరపు బజారునకు తిరిగి తీసికొనిపోయి మార్చుకొనుట దుర్లభము, బ్యాటరీ వారంటీకి అదియే ప్రాణము. ఇంటర్నెటు ద్వారా కొనువారు అమ్మకపుదారు ఎవరో, వస్తువు తిరిగి పంపుటకు గడువెంతో చూచుకొని, పెట్టె విప్పి సంఖ్య సరిచూచిన పిమ్మటనే కారు క్రింద దూరవలయును.

ఇంటికి తగని పనులు, మిగిలిన వస్తువులు

ఎయిరు బ్యాగులు, ఎ.సి. గ్యాసు, టైమింగు బెల్టు, ఎ.బి.ఎస్. గల బ్రేకు వ్యవస్థనుండి గాలి తీయుట మొదలైనవి ప్రత్యేకపు పరికరములు లేనిదే చేయదగినవి కావు. వీని భాగములు సరియైనవి కొనగలిగినను బిగించుట నిపుణునికి వదలవలయును. సంకర కార్లలో నారింజరంగు తొడుగు గల తీగలు ప్రాణాంతకమైన విద్యుత్తును వహించును గనుక తాకరాదు.

వాడిన ఇంజను ఆయిలు చట్టరీత్యా ప్రమాదకర వ్యర్థము. చెక్కలకు చెదలు పట్టకుండ పూయుట, చెక్కబండ్ల ఇరుసులకు వాడుట మన పల్లెలలో పాత అలవాట్లు. కాలువలోనో మురుగులోనో పారబోయుట మాత్రము కాలువనీరే తాగునీరైన ఊళ్లలో దోషము. మూతగల డబ్బాలో నిలువచేసి, అనుమతిగల పాతఆయిలు కొనుగోలుదారునకు సరఫరాచేయు గ్యారేజీలో ఒప్పగింపవచ్చును. పాత బ్యాటరీని అమ్మకపుదారులు సాధారణముగా తిరిగి తీసికొందురు. క్రొత్తదాని ధరలో దాని విలువను తగ్గించుట వాడుక, ఆ తగ్గింపు ఎంతో బేరమునకు ముందే అడిగి తెలిసికొనదగును.